మూడు పాయల స్వెటరు

మే నెల రెండో వారం. పటమటలో మధ్యాహ్నం పూట కరెంటు పోయింది. కిటికీకి తడి తువ్వాలు కట్టి, ఒళ్లో పావు కిలో ఊలు పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. ఎదురింటి పిన్నిగారు మాగాయ ముక్కలు తిరగెయ్యడానికి డాబా మీదికి వచ్చి, నన్ను చూసి ఆగిపోయారు.

"ఏంటమ్మాయ్, ఈ ఎండలో ఊలేంటి? వడదెబ్బ గానీ తగిలిందా?"

"మనవడికి పిన్నిగారూ. వాళ్లుండే చోట అక్టోబరుకే చలి మొదలవుతుందట."

ఆవిడ కొంగుతో నుదురు తుడుచుకుని, కళ్లు చికిలించి చూశారు. "అదేంటే, జడలాగా ఉంది!"

దాన్ని కేబుల్ అంటారని చెప్పాను. మా వీధిలో కేబుల్ అంటే ఒకటో తారీకు దాటగానే డబ్బులకి వచ్చే టీవీ అబ్బాయే గుర్తొస్తాడు కాబట్టి ఆవిడకి ఆ పేరు నచ్చలేదు. "జడ అనరాదూ" అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది. పుస్తకాల్లో నెలల తరబడి బుర్రకెక్కని సంగతి ఆ ఒక్క మాటతో తేలికైపోయింది.

స్వెటర్ల మీద తాళ్లలా, మెలికల్లా, జడల్లా ఉబ్బెత్తుగా కనిపించే అల్లికని చూసి చాలామంది ఇది మన వల్ల కాదని పక్కన పెట్టేస్తారు. అందులో కొత్త కుట్టు ఒక్కటీ లేదు. నిట్, పర్ల్ అనే రెండే. ఉత్తరాది వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు వీటినే సీదా, ఉల్టా అంటారు. నిలువుగా పైకి పోతున్న కుట్లని పాయలుగా విడదీసి, అప్పుడప్పుడు ఒక పాయని పక్క పాయ మీదుగా దాటిస్తారు. దాటించాక మళ్లీ మామూలు అల్లికే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమని మధ్యలో పెట్టుకుని సముద్రానికి పోతుంది. ఆ పాయలు మళ్లీ కలవవు. స్వెటరు పాయలు మాత్రం ఆరు వరసలకోసారి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి.

చేత్తో చేసి చూస్తే తప్ప ఇది నమ్మబుద్ధి కాదు. సాదా మఫ్లరు ఒకటి అల్లిన అనుభవం ఉంటే చాలు, ఒక ముక్క అల్లి చూడండి. సూది మీద 14 కుట్లు ఎక్కించండి. మొహం వైపు వరసలో 4 పర్ల్, 6 నిట్, 4 పర్ల్. తిప్పితే వీపు వైపు. అక్కడ 4 నిట్, 6 పర్ల్, 4 నిట్. ఇలా 4 వరసలు అయ్యేసరికి మధ్యలో ఆరు కుట్ల పట్టీ ఒకటి ముందుకి పొంగి, రెండు పక్కలా బట్ట వెనక్కి తగ్గి కనిపిస్తుంది. పర్ల్ కుట్టుకి వెనక్కి జరిగే గుణం, నిట్ కుట్టుకి ముందుకొచ్చే గుణం ఉన్నాయి. జడకి వీపు ఉండాలి కదా, ఆ పర్ల్ కుట్లే వీపు.

5వ వరసలో దాటింపు. మొదటి 4 పర్ల్ అల్లాక, తర్వాతి 3 కుట్లని అల్లకుండా ఒక చిన్న సూది మీదికి జార్చి, మీ వైపుకి, బట్ట ముందు వదిలెయ్యండి. ఊలు వదులుగా ఉంటే అవి పడిపోతాయేమోనని గుండె దడదడలాడుతుంది. పడవు. ఎడమ సూది మీదున్న తర్వాతి 3 కుట్లని నిట్ అల్లండి. వాటిలో మొదటి కుట్టు అల్లేటప్పుడు దారం కాస్త బిగలాగండి, లేకపోతే అక్కడ చిన్న కంత పడుతుంది. ఇప్పుడు చిన్న సూది మీద ఆగి ఉన్న 3 కుట్లని, మెలిపడకుండా చూసుకుని, నిట్ అల్లండి. చివరి 4 పర్ల్. అంతే, ఒక పాయ ఇంకో పాయని దాటింది. వరస బిగుసుకుపోయి సూదులు కదలనంటాయి, కంగారు పడకండి. తర్వాతి వరసకి సర్దుకుంటుంది. తిరిగి 11వ వరసలో, 17లో, 23లో ఇదే పని. ముక్క జానెడు పొడుగు అయ్యేసరికి మోకులాంటి తాడు ఒకటి తేలుతుంది.

కుట్లని ముందు ఆపితే మెలిక ఎడమకి వాలుతుంది, వెనక ఆపితే కుడికి. స్వెటరు రెండు పక్కలా రెండు తాళ్లు వేసేటప్పుడు ఒకటి ముందు ఆపి, ఒకటి వెనక ఆపి అల్లితే రెండూ అద్దంలో చూసుకున్నట్టు ఎదురెదురుగా కుదురుతాయి. రెండూ ఒకే వైపు వాలినా తప్పేం కాదు గానీ, మనిషి ఒక భుజం దించుకుని నడుస్తున్నట్టు ఉంటుంది.

మూడు పాయల జడకి మధ్యలో 6 బదులు 9 కుట్లు కావాలి, 3, 3, 3 చొప్పున. మన జడలో కుడి పాయని నడిమి పాయ మీదుగా లోపలికి తెస్తాం, తర్వాత ఎడమ పాయని తెస్తాం. నేనూ అలాగే అల్లాను. మొదటి 3 కుట్లు ముందు ఆపి దాటించాను, నాలుగు వరసలయ్యాక ఈసారి మధ్య 3 కుట్లు వెనక ఆపి ఎడమ పాయని దాటించాను. చక్కగా జడ వచ్చింది. పిన్నిగారికి చూపిస్తే పది క్షణాలు చూసి "జడ తలకిందులుగా ఉందేంటమ్మాయ్?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఇద్దరు మనవరాళ్లకి పదేళ్లు జడలేసిన చెయ్యి ఆవిడది, ఆవిడకి ఇట్టే తెలిసిపోయింది. జడ పైనుంచి కిందికి అల్లుతాం, స్వెటరు కిందినుంచి పైకి అల్లుతాం. జడలో బయటి పాయలు లోపలికి వాలి కిందికి మొన దేరినట్టుంటాయి. నా అల్లికలో ఆ మొనలన్నీ ఆకాశం వైపు చూస్తున్నాయి. సరిదిద్దడం తేలికే. తిరగెయ్యాలి, అంతే. మొదటి 3 కుట్లని వెనక ఆపి నడిమి పాయనే కుడి పాయ మీదుగా బయటికి పంపాలి. నాలుగు వరసల తర్వాత నడిమి 3 కుట్లని ముందు ఆపి ఎడమ పాయ మీదుగా పంపాలి. అప్పుడు జడ వీపు మీద వేలాడినట్టు సరిగ్గా పడింది. ఏ పుస్తకంలోనూ ఈ ముక్క నా కంట పడలేదు. పుస్తకాలు రాసినవాళ్లు బహుశా జడలు వెయ్యలేదేమో.

ఇక సామాను. చిన్న సూది అన్నానే, దాన్ని కేబుల్ సూది అంటారు. నిటారుగా ఉండేది ఒక రకం, మధ్యలో చిన్న వంపున్నది ఇంకో రకం, యూ ఆకారంలోది మూడోది. కొత్తవాళ్లకి వంపున్నదే మేలు, కుట్లు ఆ వంపులో కూర్చుని జారవు. మా బీసెంట్ రోడ్డు వైపు ఫ్యాన్సీ షాపుల్లో అడిగితే ముందు క్రోషా సూది చేతిలో పెడతారు, రెండోసారి అడిగితే గోనెసంచి సూది చూపిస్తారు. దొరక్కపోతే దిగులు పడొద్దు, కొప్పుకి పెట్టుకునే యూ పిన్ను చాలు. ఒక కాలు మీంచి కుట్లు ఎక్కించి, వంపులోంచి తోసి, రెండో కాలు మీంచి దింపెయ్యడమే. యూ ఆకారం కేబుల్ సూది చేసే పనీ ఇదే. పిన్ను చివర్ల పూసలు ఊడిపోయి ఉంటే మాత్రం వాడకండి, ఊలు పేట చీరుతుంది. కొబ్బరి ఈనెతోనూ ఒకసారి ప్రయత్నించాను, గరుకుకి దారం పట్టేసింది. చిన్నప్పుడు సైకిల్ ఊచలతో అల్లినవాళ్లం కాబట్టి ఏ పుల్ల చూసినా సూదిలాగే కనిపిస్తుంది నాకు.

పెద్ద సూదుల దగ్గర ఒక గొయ్యి ఉంది, అందులో నేను పడ్డాను. మన దేశంలో పాతకాలం ఇంగ్లీషు నంబర్లు నడుస్తాయి. అమెరికా పుస్తకాల్లో, వీడియోల్లో అమెరికా నంబర్లు చెప్తారు. ఈ రెండూ ఎదురెదురు. అమెరికాలో నంబరు పెరిగితే సూది లావవుతుంది, ఇంగ్లీషు లెక్కలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసే కుర్రాడికి ఈ రెండో లెక్క చెప్పక్కర్లేదు, రాగి తీగ గేజి అలాగే కదా, నంబరు పెద్దదైతే తీగ సన్నం. అమెరికా 8వ నంబరు సూది 5 మిల్లీమీటర్లు. మన కొట్లో 8వ నంబరు అడిగితే ఇచ్చేది 4 మిల్లీమీటర్లు. నేను ఆ 8 చూసి ఈ 8 కొన్నాను. రెండేళ్ల పిల్లాడికని మొదలుపెట్టింది పూర్తయ్యేసరికి ఆర్నెల్ల పసివాడికి సరిపోయేలా వచ్చింది. ఎవరి పురుడికో కానుకగా ఇచ్చేశాం అనుకోండి. రెండు లెక్కలూ కలిసేది ఒక్క 7వ నంబరు దగ్గరే, ఎక్కడైనా అది 4.5 మిల్లీమీటర్లు. అందుకని నంబరు మాటే ఎత్తకుండా మిల్లీమీటర్లు అడగండి. సూది మీద అంకె చెరిగిపోయి ఉంటే రంధ్రాల కొలత పలక ఒకటి దొరుకుతుంది, కొని పెట్టుకోండి.

అల్యూమినియం, స్టీలు సూదులు జారుడుగా ఉంటాయి, పని వేగంగా సాగుతుంది. కేబుల్ నేర్చుకునే రోజుల్లో వేగం అక్కర్లేదు, కుట్లు సూదిని పట్టుకుని ఉండాలి. వెదురు సూదులు అందుకు మంచివి. మన చెమటకి వెదురు కొంచెం జిగురుగా అనిపిస్తుంది, చేతులకి పౌడరు రాసుకుంటే సరిపోతుంది. రెండు సూదుల్ని తీగతో కలిపిన సర్క్యులర్ సూది ఉంటే ఇంకా నయం. బరువంతా మణికట్ల మీద పడకుండా ఒళ్లో ఉంటుంది. ఒళ్లో ఊలు అంటే మే నెలలో అదో శిక్షే. అందుకే నేను వేసవిలో చేతులు, టోపీలు, మెడ పట్టీలు లాంటి చిన్న ముక్కలు అల్లుతాను. ముందు వెనక భాగాలు డిసెంబరుకి దాచుకుంటాను. తెల్లారుజామున 5 నుంచి ఎండెక్కేదాకా మంచి సమయం.

నాణ్యమైన సూదుల కోసం దేశం దాటక్కర్లేదు. ప్రపంచమంతా కొనుక్కునే నిట్‌ప్రో సూదులు మన దేశంలో తయారయ్యేవే. ఇంటింటా ఉండే పోనీ సూదుల పేరు వినని కుట్టుపనివాళ్లు ఉండరు.

ఊలు దగ్గర నింపాదిగా ఆగాలి. కేబుల్ బాగా రాలేదని వాపోయేవాళ్లలో ఎక్కువమంది చేతి తప్పేం ఉండదు, దారం తప్పే.

దాటించే వరసలో ఏం జరుగుతుందో ఒకసారి ఊహించుకోండి. మూడు కుట్లు తమ చోటు వదిలి, ఇంకో మూడు కుట్ల వెడల్పు దాటి అవతలికి సాగాలి. సాగే గుణం ఉన్న దారం ఆ మాత్రం ఇచ్చి, తర్వాత వెనక్కి వస్తుంది. గొర్రె ఉన్నిలో పుట్టుకతోనే సన్నని వంకీలు ఉంటాయి, అందుకే అది రబ్బరులా సాగి ముడుచుకుంటుంది. నూలు దారానికి ఆ దయ లేదు. మన వైపు నూలు మీద మమకారం ఎక్కువ, పసిపిల్లల ఒంటికి నూలే మంచిదని నేనూ మొదట నూలు దారమే తెచ్చాను. ప్రతి దాటింపుకీ వేళ్లు నొప్పి. దాటిన చోట పక్కన నోరు తెరిచినట్టు కంతలు. ఉతికాక మొత్తం బరువుకి జారి, చొక్కా కాస్తా గౌనయింది.

కొట్లో దారం చూసే పద్ధతి ఒకటి చెప్తాను. ఉండ చివర రెండంగుళాలు తీసి, బొటనవేలు చూపుడువేలు మధ్య పురి విప్పండి. ఎన్ని పేటలు విడిపోతున్నాయో లెక్కపెట్టండి. ఒకే పేట అయితే కేబుల్ మెత్తగా, మొద్దుగా వస్తుంది. రెండు పేటలయితే దారం చదునుగా పడుకుంటుంది. మూడు, అంతకు మించి ఉండి, పురి గట్టిగా ఉంటే దారం గుండ్రంగా నిలబడుతుంది, కుట్టు కుట్టూ విడివిడిగా కనిపిస్తుంది. పురికొస మీద ముడి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, దూది వత్తి మీద ఎంత మసకగా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. నూగు బొచ్చుతో ముద్దుగా ఉండే ఊలు చూస్తే చెయ్యి ఆగదు, కానీ ఆ నూగు కింద జడ మునిగిపోతుంది. ఒకే ఉండలో ఐదారు రంగులు మారేదీ అంతే, మీరు పడ్డ కష్టం రంగులు మింగేస్తాయి.

కేబుల్ అందమంతా నీడలో ఉంది. ఉబ్బిన పాయ పక్కన పడే సన్నని నీడే దాన్ని చూపిస్తుంది. నలుపు, ముదురు నీలం, మెరూన్ రంగుల మీద నీడ పడినా కనిపించదు. వెన్న రంగు, గంధం రంగు, పెసరపప్పు రంగు, లేత బూడిద రంగు ఎంచుకోండి. "పిల్లాడికి మాసిపోతుంది" అంటారు ఇంట్లో. మాసిపోనివ్వండి.

ఊలు అనే మాటతో మన కొట్లలో రెండు వస్తువులు అమ్ముతారు, అసలు ఉన్ని, యాక్రిలిక్. యాక్రిలిక్ ప్లాస్టిక్ కుటుంబం. చవక, రంగులెక్కువ, మిషన్‌లో వేసి ఉతకొచ్చు. వర్ధమాన్, ఓస్వాల్ లాంటి లూధియానా కంపెనీల ఉండలు ఈ ఊళ్లోనూ దొరుకుతాయి గానీ, లేబులు మీద ఉన్ని శాతం ఎంతో చదివి కొనండి. లేబులు చిరిగిపోతే వంటింట్లో తేలిపోతుంది. అంగుళం ముక్కని పట్టకారుతో పట్టి, సింకు దగ్గర నిలబడి, అగ్గిపుల్ల చూపించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది.

ఏది కొనాలన్నది స్వెటరు ఎవరు ఉతుకుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. మా కోడలికి ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. స్వెటరుని బకెట్లో గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, చాప మీద పరిచి ఆరబెట్టమని నేను ఫోన్లో చెప్తే "సరే అత్తయ్యా" అంటుంది. ఆ 'సరే' సంగతి నాకు తెలుసు. మామూలు ఉన్నిని వేడి నీళ్ల మిషన్‌లో తిప్పితే పీచు ఒకదానికొకటి పెనవేసుకుని, స్వెటరు కుంచించుకుపోయి దిమ్మలాగా అవుతుంది. అందుకని ఆ ఇంటికి సూపర్‌వాష్ అని రాసి ఉన్న ఉన్ని, లేదంటే మంచి యాక్రిలిక్. సూపర్‌వాష్ ఉన్ని తడిస్తే కాస్త సాగుతుంది, ముక్క అల్లి ఉతికి కొలుచుకోండి. యాక్రిలిక్ మీద మాత్రం ఇస్త్రీ పెట్టొద్దు. వేడికి కుట్లు చచ్చి, ఉబ్బెత్తు జడ అప్పడంలా అణిగిపోతుంది, ఇక లేవదు.

ఒకే రంగు ఉండలన్నిటి మీదా డై లాట్ అనే నంబరు ఒకటే ఉండాలి. నాకు ఒక కొట్టాయన ఐదు ఉండల్లో ఒకటి వేరే లాట్‌ది కలిపి ఇచ్చాడు. ట్యూబులైటు వెలుగులో తేడా తెలియలేదు. ఆదివారం ఎండలో చూస్తే ఎడమ చెయ్యి ఒక్కటీ పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కేబుల్ దారం ఎక్కువ తాగుతుంది కూడా, సాదా స్వెటరు లెక్క మీద పావువంతు అదనంగా, ఒకేసారి కొనుక్కోండి.

మన నేలకి ఉన్నితో సంబంధం లేదా అంటే, ఉంది, డెల్టాకి కాదు. కోస్తాలో మనం చూసే నెల్లూరు గొర్రెకి ఒంటి మీద ఉన్నే ఉండదు, పొట్టి వెంట్రుకలే. ఈ ఎండలకి అదే తగినది. పైకి, తెలంగాణ మెట్ట నేలల్లో దక్కని గొర్రె ఉంది. దాని నల్లటి ఉన్నిని కురుమలు కత్తిరించి, వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి గొంగడి చేస్తారు. వానకీ చలికీ రాత్రి పడకకీ గొర్రెల కాపరికి అదొక్కటే ఆస్తి. కానీ ఆ పీచు లావు, గరుకు. గొంగడికి అదే బలం, పసివాడి మెడకి మాత్రం దురద. స్వెటర్లకి మెచ్చే సన్నని మెరీనో ఉన్ని వేరే జాతి గొర్రెది.

పిన్నిగారి పుట్టిల్లు నర్సాపురం. ఆ మాట ఆవిడ నోట రాగానే ఆవిడకీ ఈ అల్లిక నేర్పొచ్చని నాకు కొంత ధైర్యం వచ్చింది, ఎందుకంటే నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లని చూసే నేను అల్లిక మీద ఆశ పెంచుకున్నాను. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు 1844 ప్రాంతంలో గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో ఈ లేసు పని నేర్పారని చెప్తారు. అక్కణ్ణుంచి అది డెల్టాలోకి దిగి, ఒక్క క్రోషా సూదీ తెల్ల నూలు దారమూ పట్టుకుని దేశాలు దాటింది. జర్మనీ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు ఆడవాళ్ల మీద ఒక పుస్తకం వేశారు. రోజూ గంటల తరబడి అల్లేవాళ్లని లెక్కల్లో గృహిణులుగా చూపించి, ఆ పనిని తీరిక వేళ కాలక్షేపమన్నందువల్ల చేతికొచ్చే కూలి ఎంత అడుగంటిందో అందులో వివరించారు. నర్సాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది 2024లో. పిన్నిగారు పెళ్లికి ముందు డజను లెక్కన చక్రాలు అల్లి ఇచ్చేవారట. కూలి ఎంతని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

క్రోషా వచ్చిన చేతికి స్వెటరు అల్లిక సగం వచ్చినట్టే, సగం ఎదురు తిరిగినట్టే. వచ్చిన సగం దారం పట్టు. క్రోషాలో దారాన్ని ఎడమ చేతి వేళ్ల చుట్టూ బిగువుగా తిప్పుకుని ఉంచుతారు. రెండు సూదుల అల్లికలోనూ ఎడమ చేత్తో దారం పట్టే పద్ధతి ఒకటుంది, యూరప్‌లో చాలా చోట్ల అలాగే అల్లుతారు. లేసు తెలిసినవాళ్లు కుడి చేత్తో దారం విసరడం నేర్చుకోవాలని కుస్తీ పడక్కర్లేదు, ఎడమ పట్టే ఉంచుకోండి. ఎదురు తిరిగే సగం వేరు. క్రోషాలో ఏ క్షణాన చూసినా సూది మీద ఉండేది ఒకటో రెండో కుట్లు. ఊడిపోతే ఒక్కటే ఊడుతుంది. ఇక్కడ వరసలోని కుట్లన్నీ సూది మీద ప్రాణాలతో ఉంటాయి. సూది జారితే ఎనభై కుట్లూ నోళ్లు తెరుస్తాయి. పిన్నిగారు నేర్చుకున్న మొదటి వారం అంతా "ఇదేం భయం" అని గొణుగుతూనే ఉన్నారు.

నమూనా పటం చదవడంలో మాత్రం నన్ను మించిపోయారు. కేబుల్ నమూనాలని గళ్ల కాగితం మీద గీస్తారు. గడికో కుట్టు, గీతకో వరస. కింది నుంచి పైకి, మొహం వైపు వరసలు కుడి నుంచి ఎడమకి చదవాలి. దాటింపు ఉన్న చోట ఏటవాలు గీత ఉంటుంది. ఆవిడ చూడగానే "మెలికల ముగ్గే కదా" అన్నారు. చుక్కల చుట్టూ తిరిగే గీత ఎక్కడ ఏ గీతని దాటుతుందో సంక్రాంతి నెలంతా వాకిట్లో వేసిన మనిషికి ఇందులో కొత్తేముంది? ఐర్లండ్ పడమటి సముద్రంలోని అరాన్ దీవుల పేరుతో అమ్మే స్వెటర్ల మీద తేనెపట్టు, వజ్రాలు, తాళ్లు అని ఎన్నో నమూనాలు ఉంటాయి. ఒక్కో కుటుంబానికీ ఒక్కో నమూనా ఉండేదని, మునిగిపోయిన జాలరిని స్వెటరు చూసి గుర్తుపట్టేవాళ్లని ఒక కథ ప్రచారంలో ఉంది. అది కథే. ఐర్లండ్ రచయిత సింజ్ రాసిన 1904 నాటి నాటకంలో చనిపోయిన అన్నని చెల్లెలు మేజోడు కుట్లు లెక్కపెట్టి గుర్తుపడుతుంది, దాన్నే అమ్మకాలవాళ్లు పెంచి పెద్ద చేశారు. నాకు మాత్రం ఆ చెల్లెలు కుట్లు లెక్కపెట్టడమే నమ్మశక్యంగా అనిపిస్తుంది. మనం అల్లిన దాంట్లో జారిన కుట్టు ఎక్కడుందో మనకి చచ్చేదాకా గుర్తుంటుంది.

లెక్క అన్నాను కాబట్టి వరసల సంగతి. కేబుల్‌లో పాడయ్యేది ఎప్పుడూ అదే. ఆరు వరసలకి దాటించాల్సింది ఒకచోట ఎనిమిదికి దాటిస్తే తాడుకి అక్కడ పొడుగు మెడ వస్తుంది. ప్లాస్టిక్ కౌంటర్లు అమ్ముతారు, నేను చింతగింజలతో కానిస్తాను. ఎడమ గిన్నెలో ఆరు, ప్రతి వరస మొదలెట్టే ముందు ఒక గింజ కుడి గిన్నెలోకి. ఎడమ గిన్నె ఖాళీ అయితే దాటించే వరస. ఫోను మోగినా, పాలు పొంగినా గింజలు చోటు మారవు.

తప్పు వైపుకి దాటించామని పది వరసల తర్వాత కనిపిస్తే మొత్తం విప్పొద్దు. ఆ ఆరు కుట్లనే సూది మీంచి వదిలి, తప్పు దాకా నిచ్చెన మెట్లు దిగినట్టు దింపండి. పక్క కుట్లు కదలవు. ఆరు కుట్లనీ మూడు, మూడుగా పట్టుకుని, ఈసారి సరైన పాయని ముందుకి తెచ్చి, వేలాడుతున్న ఒక్కో మెట్టు దారంతో క్రోషా సూది పెట్టి పైకి ఎక్కించుకుంటూ రండి. మొదటిసారి చేతులు వణుకుతాయి. పిన్నిగారికి వణకలేదు, క్రోషా సూది చేతిలోకి రాగానే ఆవిడ పద్దెనిమిదేళ్ల పిల్ల అయిపోయారు.

ఒక్క కొలత మాత్రం మర్చిపోవద్దు. పాయ మీద పాయ ఎక్కుతుంది కాబట్టి బట్ట వెడల్పు తగ్గుతుంది. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు పట్టే ఊలులో సాదాగా అయితే 6 కుట్లు 3 సెంటీమీటర్లు ఉండాలి, తాడు వేశాక 2 చిల్లరకి వచ్చింది నాకు. స్వెటరు మొత్తం మీద ఇలాంటివి ఆరు తాళ్లుంటే ఎంత పోతుందో లెక్కేసుకోండి. అందుకే నడుము పట్టీ పూర్తయి తాళ్లు మొదలయ్యే వరసలో కొన్ని కుట్లు పెంచుతారు. పైన ముగించేటప్పుడు తాడు మీద కుట్లని రెండేసి కలిపి తగ్గించాలి. తగ్గించకపోతే అక్కడ బట్ట గొడుగులా విచ్చుకుంటుంది. సాదా ముక్క కొలిచి కుట్లు లెక్కేస్తే ఊపిరాడని స్వెటరు వస్తుంది. ఏ నమూనా అల్లబోతున్నారో ఆ నమూనాతోనే జానెడు ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. ఉన్ని ఉతికాక గానీ దాని అసలు స్వభావం చూపించదు.

నిన్న పొద్దున్న పిన్నిగారు డాబా మీంచి పిలిచారు. నేను మిగిలిన పెసరపప్పు రంగు ఉండ ఒకటి ఇచ్చి ఉన్నాను. ఎడమ చేతిలో జానెడు ముక్క, దాని మధ్యలోంచి యూ పిన్ను వేలాడుతోంది, జడ మొనలు కిందికే చూస్తున్నాయి.

"అమ్మాయ్, గింజలు నాలుగున్నాయి ఎడమ గిన్నెలో. కాకి ఒకటి ఎత్తుకుపోయింది. ఇప్పుడు దాటించనా, ఆగనా?"